ముప్ఫై ఎనిమిది యూనిట్లు

విజయనగరంలో, దాసన్నపేట రైతుబజారు వెనక
మూడో సందులో ఎడంచేతి ఇల్లు మాది.
గుమ్మం మీద మూడు నంబర్లుంటాయి.
మున్సిపాలిటీ కొత్తది రాసినప్పుడల్లా
పాతదాన్ని చెరపడం ఎవరికీ తోచలేదు.
పోస్టుమేన్ ఒకదాన్ని నమ్ముతాడు,
పన్నులవాళ్లు ఇంకోదాన్ని.
నేను మీటరు నంబరుని నమ్ముతాను,
అది నా ఉద్యోగం.

ఇరవై రెండేళ్లుగా ఈ సందుల్లో కరెంటు మీటర్లు చదువుతున్నాను.
మనుషుల్ని చదవడం నాకు రాదు,
దేముడమ్మ ఆ సంగతి పెళ్లైన ఏడే తేల్చేసింది.
అంకెలైతే కొంచెం చెబుతాయి.
చలికాలంలో కూడా రాత్రంతా ఫేను తిరిగిన లెక్క కనిపిస్తే
ఆ ఇంట్లో ఎవరో మంచం పట్టారని.
ఉల్లిపాయల పార్వతీశం ఇంట్లో ఓసారి
ఒక్క నెలకే తొంభై పెరిగింది.
ఫ్రిజ్జు కొన్నాడనుకున్నాను.
మంచం కింద అట్టపెట్టెలో నలభై కోడిపిల్లలు,
వాటి మీద రెండు బల్బులు.

ఎదురిల్లు వరహాలమ్మది.
పెంకుల కప్పు, నడుం వంగిన దూలం,
అరుగు మీద కాలిమిషను.
జూటుమిల్లు మూతబడ్డ ఏడు
సందు సందంతా మిగిలిపోయిన గోనెగుడ్డని
ఆవిడ దగ్గరే చేతిసంచులు కుట్టించుకుంది.
ఆ ఇంట్లో రీడింగు తియ్యడానికి అరగంట పట్టేది.
"కూకో బావూ, అదెక్కడికెల్లిపోతాది, గోడకే కదా ఉంది"
అని మజ్జిగ్గ్లాసు చేతికిచ్చి,
"ఈ నెలేటైనా తగ్గిందేటి?" అనేది,
తగ్గించడం నా చేతిలో ఉన్నట్టు.

ఆ కప్పు పొట్టిది.
సాయంత్రం నాలుగయ్యేసరికి
ఎండ దాని నెత్తిమీంచి దాటి
మా వీధి కిటికీలో దూరి
వంటింటి గడపదాకా వచ్చేది.
చేటలో బియ్యపురాళ్లు
దేముడమ్మకి ఆ ఎండలోనే దొరికేవి.
మా పిల్ల ఎక్కాలు వల్లిస్తూ
ఎండ జరిగినకొద్దీ పీట జరుపుకునేది.
పదమూడో ఎక్కం దగ్గర ఎప్పుడూ చీకటి పడిపోయేది.

ఇల్లు పడగొట్టడానికి వరహాలమ్మని ఎవరూ మోసం చెయ్యలేదు.
బిల్డరుని మూడుసార్లు తిప్పి పంపి
కింద ఒక షాపు, పైన రెండు గదులు రాయించుకుంది.
"వానొస్తే గిన్నెలు, ఎండొస్తే గిన్నెలు ఎత్తడం.
ఎన్నాళ్లిలాగ?" అంది.
నిజమే కదా.
ఆఖరి రీడింగుకి నేనే వెళ్లాను.
ఎనిమిది వేల నాలుగొందల పదహారు.
"ఎక్కడికీ ఎల్లదన్నాను,
నువ్వే పట్టుకెల్లిపోతన్నావు" అని నవ్వింది.
మీటరు విప్పిన చోట
గోడ మీద జానెడు నీలం బయటపడింది,
ఆ ఇంటికి మొట్టమొదట వేసిన సున్నం.
అదెవరు వేయించారో ఆవిడక్కూడా తెలీదు.

ఇప్పుడక్కడ నాలుగంతస్తులు.
సెల్లార్లో పన్నెండు మీటర్లు వరసగా, బడిపిల్లల్లాగ.
నాలుగు నిమిషాల్లో చదివేస్తాను.
కురుపాం నుంచొచ్చిన వాచ్‌మేన్ కుర్రాడు
పన్నెండు ఇళ్లలో తొమ్మిదింటి పేర్లు చెప్పలేడు.

మొదటి నెల మా ఇంటి బిల్లు నేనే తీసి
మళ్లీ తీశాను.
ముప్ఫై ఎనిమిది ఎక్కువ.
మీటరు తప్పేమోనని పరీక్షకి పెట్టించాను,
ఇంట్లో అన్నీ ఆర్పి చక్రం కదుల్తుందేమో చూశాను.
మీటరుది తప్పు కాదు.
మూడింటికే వంటింట్లో ట్యూబులైటు వేస్తోంది దేముడమ్మ.
నీడకి స్లాబు ఏదో మా పుస్తకంలో లేదు.
"లైటూ తెలుపే, బియ్యమూ తెలుపే,
రాయెక్కడ కనబడతాది?" అంటుంది.
నిన్న రాత్రి పిల్ల పంటికింద కరక్కుమంది.
ముగ్గురం తినడం ఆపి దాని మొహం చూశాం.

వరహాలమ్మకి మోటారు మిషనొచ్చింది.
మోకాళ్లు నొప్పిలేవట, బిల్లు నొప్పట.
షాపులో ఆవిడక్కూడా పగలే లైటు.
నాలుగింటికి సూదీ దారం పట్టుకుని
మా డాబా మెట్లెక్కుతుంది.
నీళ్ల టాంకు పక్కన చాపంత ఎండ మిగిలింది.
సూదిని పైకెత్తి, ఒక కన్ను మూసి,
దారం తడిచేసి, తప్పి, మళ్లీ పెట్టి,
"దీనికీ రాస్తావేటి బావూ బిల్లు?" అంటుంది.

జరుగుతోంది.
టాంకు కాలిదాకా వచ్చింది.
నేను పక్కకి తప్పుకుంటాను, నా నీడ పడకుండా.